పొగదగ్గునకు క్రిమినాశక మందు

పర్ణశాలకు వచ్చు యాత్రికులు సీతమ్మవారి నారచీరల గుర్తులని చెప్పుకొను రాళ్లను చూచి పోవుదురు. ఆ చుట్టుపట్ల గూడెములలో, వానకాలమున తడికట్టెల పొయ్యిముందు దగ్గుచు వంటచేయు ఆడువారిని చూచువారు తక్కువ. ఆ దగ్గునకు మందుల దుకాణములో నాలుగు ఆంటీబయాటిక్ బిళ్ళలు కొని మ్రింగుట నేడు వాడుకయైనది. పొగ తెచ్చిన వాపును ఆ బిళ్ళ తగ్గించునా యనునది ప్రశ్న.

ఈ మందుల చరిత్రలో మనవారొకరున్నారు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే పరిశోధనాలయమునకు అధ్యక్షులైరి. అచ్చట డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. సుబ్బారావుగారు ఆ యేడే కాలధర్మము నొందిరి. ఆ మందు క్రిములను అణచును. పొగలోని మసి క్రిమి కాదు. మసి శ్వాసనాళముల లోపొరను గాయపరుపగా శరీరము తెల్లకణములను అచ్చటికి పంపును. వాపును కఫమును అందువలన కలుగును.

అయితే జపానులో ఒక వింత జరిగినది. సన్నని శ్వాసనాళములు వాచి మూసికొనిపోవు వ్యాధి యొకటి అచ్చట కలదు. 1970వ దశకమున ఆ రోగులలో అయిదేండ్లు బ్రదికినవారు నూటికి 63 మంది. కుదో అను వైద్యుడును ఆయన తోడివారును ఎరిత్రోమైసిన్‌ను కొద్ది మోతాదున నెలలతరబడి ఇచ్చి చూచిరి. 1985 తరువాత ఆ సంఖ్య 91 అయ్యెను. ఆ రోగుల కఫములో తరచుగా నుండు క్రిమి ఎరిత్రోమైసిన్‌నకు చావదు. అది చావకయే రోగి కోలుకొనెను! ఆ మందు తెల్లకణముల రాకను తగ్గించి వాపును అణచునని పిమ్మట తెలిసినది. ఈ గుణము ఆంటీబయాటిక్ మందులన్నిటికిని లేదు.

మరి పొగ సంగతి? 2011లో అమెరికాలో, చాలవరకు సిగరెట్లవలన ఊపిరితిత్తులు చెడిన 1142 మందిపై పరీక్ష చేసిరి. ఆ తెగలోనిదే యగు అజిత్రోమైసిన్‌ను ఏడాదిపాటు మ్రింగినవారికి రోగము సగటున 1.48 మారులు ముదిరెను. ఉత్తబిళ్ళ మ్రింగినవారికి 1.83 మారులు. కొందరికి వినికిడి తగ్గినది. మందునకు లొంగని క్రిములును హెచ్చినవి. 2014లో అవే లెక్కలను మరల పరిశీలింపగా, మేలు పొగత్రాగుట మానినవారికే కనబడినది. ఇంకను త్రాగుచున్నవారికి కనబడలేదు. నాకు ముఖ్యముగా తోచిన దిదియే. సిగరెట్టుపొగ వేరు, కట్టెపొగ వేరు నిజమే. అయినను పొగ లోనికి పోవుచుండగా నాలుగు బిళ్ళలతో వాపు తీరునని నమ్ముట కాధారము లేదు. పొయ్యిపైన పొగగొట్టము, ఎండిన కట్టె, వీలైనచోట గ్యాసుపొయ్యి, ఇవియే ముందు చూడవలసినవి. జ్వరముతో చిక్కని పసుపు కఫము పడినచో బిళ్ళ అవసరమో కాదో వైద్యుడు చెప్పును. రెండు వారములు దాటిన దగ్గు క్షయ కావచ్చును. దానికి ప్రభుత్వ ఆసుపత్రిలో కఫపరీక్ష ఉచితముగా చేయుదురు.