విందు పళ్లెంలో హంస గోడు

ఈ పాట పాడుతున్నది ఓ హంస. కొలనులో కాదు, వంటశాలలో. ఊచకు గుచ్చి నిప్పుల మీద తిప్పుతుంటే తెల్లని ఒళ్లు నల్లగా మాడిపోయింది. ఆఖరికి పళ్లెంలోకి చేరి, తనను నమలడానికి తెరుచుకున్న నోళ్లను చూస్తూ ఏడుస్తోంది. మధ్యయుగపు ఐరోపాలో గొప్పవాళ్లు పోతే లాటిన్‌లో శోకగీతాలు కట్టేవారు. ఆ గంభీరమైన ధోరణిని తెచ్చి కాల్చిన పక్షి నోట పెట్టాడు ఎవరో కొంటె కవి. భోజనప్రియులు లొట్టలు వేస్తున్నచోట మనకు ఏడుపు వినిపిస్తాడు. నవ్వొస్తుంది, ముద్ద మాత్రం గొంతు దిగదు.

ఈ హంస దాక్కున్న రాతప్రతి 1803లో బయటపడింది. బవేరియా ప్రభుత్వం మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకుంటున్న రోజులవి. బెనెడిక్ట్‌బోయర్న్ మఠంలోని పుస్తకాల మధ్య, 1230 ప్రాంతంలో రాసిన 250కి పైగా పాటలు, నాటకాలు దొరికాయి. వీటిని 1847లో అచ్చువేసిన ష్మెల్లర్ అనే పండితుడు ఆ సంకలనాన్ని ‘కార్మినా బురానా’ అన్నాడు. బోయర్న్ పాటలని అర్థం.

వీటిలో తాగుబోతు పాటలూ ఉన్నాయి. మఠంలో అలాంటివేమిటి అనిపిస్తుంది. రాసినవాళ్లు బయటివాళ్లయితేగా! లాటిన్ అప్పట్లో చర్చి బడుల్లో నేర్చుకునే భాష. చదువు పూర్తయినా కొలువు దొరకక ఊళ్లు పట్టుకు తిరిగిన పండితుల్ని గోలియార్డులు అన్నారు. ప్రార్థన మధ్యలో వీళ్లను పాడనివ్వొద్దని 1227లో ట్రియర్ మతసభ ఆంక్ష పెట్టింది.

అందరిలోకీ గడుసువాడు ‘ఆర్చిపొయెటా’. అసలు పేరు కాదు, కవిరాజు వంటి బిరుదు. కొలోన్ ఆర్చిబిషప్ రైనాల్డ్ ఆశ్రయంలో ఉండేవాడు. 1163 ప్రాంతంలో ఆయన ముందు పాపనివేదన చేస్తున్నట్టు ఒక పాట కట్టాడు. ఆడవాళ్ల మోజు, జూదం, మద్యశాల అంటూ వరసగా ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటున్నాడా, నెమరేసుకుంటున్నాడా? వైన్ గొంతులో పడకపోతే కవిత్వం రాదనీ వాదిస్తాడు. చివరికి బుద్ధిగా క్షమాపణ అడుగుతాడు. పాపిని, పశ్చాత్తాపాన్ని ఒకే దెబ్బకు గేలి చేసిన పద్ధతి అది.

ఈ సంకలనంలోని ఒక మద్యశాల పాటలో గుక్కగుక్కకూ ఒకరి పేరు చెప్పి తాగుతారు. ఆ వరస చర్చిలో గుడ్‌ఫ్రైడే నాటి ప్రార్థనల వరసకు నకలు. ఇంకొకచోట జూదరులకు ఏకంగా ఒక పూజావిధానమే ఉంది. అందులో పాచికల దేవుడు భక్తుల ఒంటిమీది బట్టలు కూడా ఊడ్చుకుపోతాడు. పూజ పొల్లుపోకుండా కంఠతా వచ్చినవాడే అలా వెక్కిరించగలడు.

రాతప్రతిలో కొన్ని పాటలపై స్వర సంకేతాలున్నా, వాటినిబట్టి స్థాయి ఎంతో చెప్పలేం. స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ వీటిలో కొన్ని పాటలకు తన సొంత బాణీలు కట్టి, 1937లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రదర్శింపజేశాడు. హంస పాటను టెనర్ గాయకుడికి ఇచ్చాడు. స్థాయి ఎంత పైకంటే, గొంతు నలిగి నిజంగా నిప్పుల మీద ఉన్నట్టే వినిపిస్తుంది. సుమారు గంటసేపు సాగే కచేరీలో అతని సోలో అదొక్కటే. ముస్తాబై కూర్చుని, తనను కాల్చే వేళకోసం ఎదురుచూస్తాడు.