లూసీన్ క్వెరీ సింటాక్స్

లూసీన్ అనే పూర్తిపాఠ శోధన లైబ్రరీకి ఏం వెతకాలో చెప్పే సంకేత భాషే లూసీన్ క్వెరీ సింటాక్స్. ఏ మాటలు కావాలి, వాటిని ఏ ఫీల్డులో వెతకాలి, ఏవి తప్పనిసరి, ఏవి ఉండకూడదు అన్నవన్నీ ఇందులో ఒక్క పంక్తిలో రాయవచ్చు. క్వెరీ పార్సర్ ఆ పంక్తిని చదివి, ఇండెక్సులో వెతకడానికి పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్ సర్వర్లు లూసీన్ మీద కట్టినవే. అందువల్ల లూసీన్ పేరు ఎన్నడూ వినని వాళ్లు కూడా ఈ సంకేతాలు వాడుతూ ఉంటారు.

లూసీన్‌ను 1999లో డగ్ కటింగ్ జావా భాషలో రాశాడు. అంతకుముందు ఆయన జిరాక్స్ పార్క్, యాపిల్, ఎక్సైట్ సంస్థల్లో శోధన సాంకేతికత మీదే పనిచేశాడు. లైబ్రరీకి పెట్టింది ఆయన భార్య నడిమి పేరు. మొదట సోర్స్‌ఫోర్జ్‌లో విడుదలైన లూసీన్ 2001లో అపాచీ వారి జకార్తా ప్రాజెక్టులో చేరింది, 2005లో స్వతంత్ర ప్రాజెక్టు అయింది. క్వెరీ పార్సర్ తొలి రచయిత బ్రయాన్ గెట్జ్. వ్యాకరణ నియమాలు రాసిస్తే పార్సర్ కోడు తయారుచేసే జావాసీసీ పనిముట్టుతో దాన్ని నిర్మించారు. 1995లో మొదలైన ఆల్టావిస్టా వంటి సెర్చ్ ఇంజన్లు వాడినవారికి +, -, కొటేషన్ గుర్తులు అప్పటికే అలవాటు. లూసీన్ ఆ గుర్తులనే తీసుకుంది.

ఈ సింటాక్సులో అందరూ తడబడే చోటు ఆండ్, ఆర్, నాట్. ఇంగ్లిషు క్యాపిటల్ అక్షరాల్లో రాసే ఈ మాటలు చూసి ఇది బూలియన్ తర్కమే అనుకోవడం సహజం. లూసీన్ లోపల ఉన్నది అది కాదు. అక్కడ ప్రతి మాటకూ మూడింట్లో ఒక హోదా ఉంటుంది: తప్పక ఉండాలి, ఉంటే మంచిది, ఉండకూడదు. + మొదటిదాన్ని, - మూడోదాన్ని సూచిస్తాయి. ఏ గుర్తూ లేకపోతే రెండోది. ‘గోదావరి ఆర్ కృష్ణా ఆండ్ పెన్నా’ అని అడిగామనుకుందాం. ఆండ్‌ను ముందు లెక్కించే మామూలు పద్ధతిలో గోదావరి ఒక్కటే ఉన్న పత్రం కూడా ఫలితాల్లోకి రావాలి. క్లాసిక్ పార్సర్ అని పిలిచే ఈ తొలి పార్సర్ మాత్రం దీన్ని ‘గోదావరి +కృష్ణా +పెన్నా’గా మారుస్తుంది. దాంతో కృష్ణా, పెన్నా రెండూ ఉన్న పత్రమే వస్తుంది. గోదావరి ఉంటే ర్యాంకు పెరుగుతుంది, అంతే. ఆండ్, ఆర్ కలిపి రాసేటప్పుడు బ్రాకెట్లు తప్పనిసరి అని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. నాట్ ఒక్కటే రాస్తే లూసీన్‌లో ఏమీ దొరకదు. దాని పని వచ్చిన ఫలితాల్లోంచి తీసేయడమే, తనంతట తాను ఏదీ తేలేదు. అన్ని పత్రాలనూ తెచ్చే *:* ముందు పెట్టి ఆపైన తీసేయమనాలి.

ఫీల్డు పేరు, కోలన్, మాట: ఫీల్డులో వెతికే తీరు ఇది. ‘శీర్షిక:గోదావరి పుష్కరాలు’ అని రాస్తే గోదావరిని మాత్రమే శీర్షికలో వెతుకుతుంది. పుష్కరాలు అన్నది డిఫాల్టు ఫీల్డుకు పోతుంది. రెండూ శీర్షికలోనే కావాలంటే బ్రాకెట్లో పెట్టాలి, పదబంధంగా కావాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. ఆ కొటేషన్ తర్వాత ~10 అని చేరిస్తే మాటలు కొంత ఎడంగా ఉన్నా సరిపోతుంది. ^2 ఆ మాటకు ప్రాధాన్యం పెంచుతుంది. చదరపు బ్రాకెట్లలో పరిధి ఇస్తే రెండు కొసలూ కలుస్తాయి, మీసాల బ్రాకెట్లలో ఇస్తే కలవవు. ఈ పార్సర్ పరిధిని అక్షరక్రమంలోనే పోలుస్తుంది కాబట్టి 10 అనేది 9 కంటే ముందు వస్తుంది. చాలాకాలం అంకెల ముందు సున్నాలు చేర్చి ఇండెక్సు చేసింది అందుకే. 2009లో వచ్చిన 2.9 వెర్షన్ సంఖ్యల పరిధులకు వేరే దారి చూపింది.

~ గుర్తును ఒక్క మాట చివర పెడితే అస్పష్ట శోధన జరుగుతుంది, అంటే కొద్ది తేడా ఉన్న మాటలూ దొరుకుతాయి. మొదట్లో ఇందుకోసం లూసీన్ ఇండెక్సులోని పదాలను ఒక్కొక్కటిగా పోల్చి చూసేది. పెద్ద ఇండెక్సుల్లో అది భరించలేనంత నిదానం. 2012లో విడుదలైన 4.0 వెర్షన్ లెవెన్‌స్టైన్ ఆటోమాటా పద్ధతితో ఆ పనిని ఎన్నో రెట్లు వేగంగా చేసింది. ప్రతిగా ఒక హద్దు వచ్చింది: తేడా రెండు మార్పులకు మించకూడదు. ఈ లెక్క యూనికోడ్ సంకేతాల మీద జరుగుతుంది. పదాలు ఉన్నవి ఉన్నట్టు ఇండెక్సులో చేరితే, గోదావరి~1 అన్నప్పుడు గొదావరి కూడా దొరుకుతుంది, ఎందుకంటే మారింది ఒక్క గుణింతపు గుర్తే. కృష్ణ~2 అన్నా క్రిష్ణ దొరకదు. ఒక వట్రుసుడి స్థానంలో పొల్లు, రకారం, గుడి వచ్చి చేరడంతో తేడా మూడవుతుంది. కంటికి చిన్నదిగా కనిపించే తేడా యూనికోడ్ లెక్కలో హద్దు దాటిపోతుంది.

అదే 4.0లో రెండు / గుర్తుల మధ్య రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాసే సదుపాయం వచ్చింది. మంచి సదుపాయమే గానీ పాత క్వెరీలను దెబ్బతీసింది. 15/8/1947 అని తేదీ కొడితే నడుమనున్న 8 రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌గా మారుతుంది. 24/7 అని కొడితే / గుర్తుకు జోడీ దొరక్క పార్సర్ లోపం చూపించి ఆగిపోతుంది. ఇలాంటి ప్రత్యేక గుర్తుల ముందు \ చేరిస్తే అవి మామూలు అక్షరాలవుతాయి. మూయని కొటేషన్‌కైనా, తెగిన బ్రాకెట్‌కైనా పార్సర్ ఇలాగే ఆగిపోతుంది. కాబట్టి సాధారణ పాఠకుల సెర్చ్ పెట్టెను నేరుగా దీనికి తగిలించడం మంచి పని కాదు. సోలర్‌లో డిస్‌మాక్స్, ఈడిస్‌మాక్స్ పార్సర్లు, లూసీన్‌లో సింపుల్ క్వెరీ పార్సర్ పుట్టింది ఈ ఇబ్బంది తీర్చడానికే. తప్పులున్నా అవి అందులోంచే ఏదో ఒక అర్థం తీసుకుంటాయి. 2010లో షే బానన్ విడుదల చేసిన ఎలాస్టిక్‌సెర్చ్ క్వెరీని జేసన్ రూపంలో రాయమంది. పాత సింటాక్సునూ అందులో ఒక క్వెరీ రకంగా ఉంచుకుంది.

క్లాసిక్ పార్సర్‌లో పాతుకుపోయిన మరో చిక్కు ఖాళీ జాగాలది. పాఠాన్ని ఇండెక్సు పదాలుగా మార్చే ఎనలైజర్‌కు ఇవ్వకముందే అది పంక్తిని ఖాళీల దగ్గర విరిచేసేది. ‘ఆంధ్ర ప్రదేశ్’కు ‘ఏపీ’ని పర్యాయపదంగా నమోదు చేసినా ఫలితం ఉండేది కాదు, ఎనలైజర్‌కు ఆ రెండు మాటలూ కలిసి కనిపించేవి కావు గనక. 2016లో 6.2 వెర్షన్ ఈ విరుపును ఐచ్ఛికం చేసింది, మరుసటి ఏడాది 7.0 పద్ధతినే మార్చింది.

ఏ క్వెరీ అయినా చివరికి ఎనలైజర్ ఇండెక్సులో ఏం మిగిల్చిందన్న దానిమీదే ఆధారపడుతుంది. లూసీన్ 9.0లో తెలుగు ఎనలైజర్ చేరింది. అది బహువచన, విభక్తి ప్రత్యయాల్లో కొన్నిటిని కోసి మిగిలిన రూపాన్ని ఇండెక్సులో పెడుతుంది. మామూలు క్వెరీలోని మాటకూ అదే కోత పడుతుంది కాబట్టి రెండూ కలుస్తాయి. * లేదా ? ఉన్న మాటకు ఆ కోత పడదు. ప్రత్యయంతో ఉన్న నిండు మాటకు * తగిలిస్తే, పాఠంలో ఆ మాట ఎన్నిసార్లున్నా ఒక్క ఫలితమూ రాకపోవచ్చు. ఎనలైజర్ కోత లేని ఇండెక్సులో మాత్రం నది* అంటే నదిలో, నదికి, నదిని అన్నీ వస్తాయి. నదులు రాదు, నదీ రాదు. * మాటకు ముందే వచ్చే క్వెరీని క్లాసిక్ పార్సర్ మామూలుగా ఒప్పుకోదు, ఇండెక్సులోని ప్రతి పదాన్నీ తడమాల్సి వస్తుంది గనక. ప్రోగ్రామరు ప్రత్యేకంగా అనుమతిస్తేనే దాన్ని స్వీకరిస్తుంది.