జంత్రం
కదులుతూ మోగే శిల్పాన్ని ఈమధ్య ‘యంత్రశిల్పం’ అని రాసి, దాని మోతను యంత్రాల రొదగా తీసిపారేస్తున్నారు. యంత్రం అనే మాటకిది అన్యాయం. సంస్కృతంలో ‘యమ్’ ధాతువుకు అదుపు చేయడమని అర్థం. అదుపులో ఉంచి పని చేయించేది యంత్రం. యాత్ర జాతర, యజ్ఞం జన్నం, యౌవనం జవ్వనం అయినట్టే యంత్రం తెలుగులో జంత్రమైంది. మనవాళ్లు ఆ వికృతిని వీణలాంటి వాద్యానికీ వాడారు. జైపూర్ జంతర్‌మంతర్ పేరులో ఉన్నదీ ఈ యంత్రమే. 11వ శతాబ్దపు భోజుడి ‘సమరాంగణ సూత్రధారం’లో ఆడే బొమ్మలతోపాటు వాద్యధ్వనులు పలికే యంత్రాలూ ఉన్నాయి. 1960లో శిల్పి జాన్ టింగ్లీ న్యూయార్క్‌లో తనను తానే కూల్చుకునే శిల్పం నిలబెట్టాడు. సైకిల్ చక్రాలు తిరుగుతుంటే లోహపు చేతులు పాత పియానో మెట్లను బాదాయి. ఆ మోత లేకపోతే ఆ శిల్పం సగమే. మా కారేపల్లి వైపు కోయల కొమ్ము నృత్యంలోనూ అంతే: అడవిదున్న కొమ్ముల తలపాగా కట్టినవాడే మెడలో పెద్ద డోలు వేసుకుని వాయిస్తూ అడుగేస్తాడు, చప్పుడూ కదలికా ఒకే ఒంట్లోవి. అందుకే మోగే శిల్పాన్ని ‘జంత్రశిల్పం’ అందాం. యంత్రం, వాద్యం అనే రెండర్థాలూ మోయగల మాట మన నిఘంటువుల్లోనే ఉంది, వాడుకలోకి తెచ్చుకుందాం.