ఓరుగల్లు మట్టికోట

వరంగల్ స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి ఖిలాకు వెళ్లేవాళ్లు దారిలో గడ్డి మొలిచిన ఒక కట్టను దాటుతారు. చాలామంది దాన్ని చూడనైనా చూడరు. చూసినవాళ్లు ఏ చెరువు కట్టో అనుకుంటారు. ఫోన్లు బయటికి తీసేది రాతికోట దర్వాజా వచ్చాకే. 1310లో ఢిల్లీ సైన్యాన్ని వారాల తరబడి బయట నిలబెట్టింది మాత్రం ఆ గడ్డికట్టే.

రాతికోట కాకతీయ రాజు గణపతిదేవుడి (1199–1262) కాలం నాటిది. అడ్డంగా కొలిస్తే 1.2 కిలోమీటర్లు, చుట్టూ నడిస్తే నాలుగుకు కాస్త తక్కువ. నల్లరాతి దిమ్మెలను సున్నం లేకుండానే ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆ బరువే వాటికి బిగువు. లోపలి వైపు మట్టి వాలు, దాని మీద మెట్లు. కేక వినపడితే చాలు, కాపలావాడు ఉన్నచోటి నుంచే గోడ ఎక్కేయొచ్చు. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు 77 బురుజులను 77 మంది నాయకులకు అప్పగించాడని కథ. వెళ్లి లెక్కపెడితే 45 దొరుకుతాయి. కథలకు అంకెలు కాస్త పెరిగితేనే అందం.

రుద్రమదేవి (1262–1289) ఈ గోడను ఇరవై అడుగుల దాకా పెంచింది. అంతటితో ఆగలేదు. దాని బయట 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టిగోడ పోయించింది, దాని ముందు 150 అడుగుల వెడల్పున అగడ్త తవ్వించింది. అంటే ఏడున్నర కిలోమీటర్ల చుట్టుకొలత. రాయి దొరికే నేలలో మట్టెందుకు? నాకు తోచింది ఒకటే. కాకతీయుల రాజ్యం చెరువుల రాజ్యం. పాకాల, రామప్ప, లక్నవరం కట్టలు పోసిన జనానికి పొరపొరగా మట్టి వేసి దిమ్మిస కొట్టడం చేతిలో పని. తవ్విన మట్టి గోడవుతుంది, తవ్విన గొయ్యి అగడ్తవుతుంది. ఓరుగల్లు మట్టికోట శత్రువును ఆపడానికి పోసిన చెరువు కట్ట.

1310 జనవరిలో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ వచ్చి హనుమకొండ గుట్టను పట్టుకున్నాడు. అక్కడి నుంచి చూస్తే ఊరంతా కనపడుతుంది. ఆ దండయాత్ర గురించి రాసిన అమీర్ ఖుస్రో ఢిల్లీ దర్బారు కవి, అవతలి పక్షం మనిషి. ఆయన సైతం ఈ మట్టిగోడ గట్టితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయాడు. రాతిగోడను విసురు రాయి బద్దలు కొడుతుంది; మెత్తటి కట్ట ఆ దెబ్బను మింగేస్తుంది. చివరికి అగడ్త పూడ్చి, ఫిబ్రవరిలో గోడ దాటారు. రాతికోట అగడ్త ఒడ్డుకు వాళ్లు చేరేసరికి ప్రతాపరుద్రుడు సంధికి దిగాడు. ఏనుగులు, గుర్రాలు, సొమ్ము, వాటితోపాటు మెడలో గొలుసు వేసిన తన బంగారు బొమ్మ పంపాడు. రాతిగోడకు ఆ ఏడు అసలు పరీక్షే రాలేదు.

పదేళ్లు తిరిగాక ఢిల్లీ నుంచి ఉలుఘ్ ఖాన్ వచ్చాడు, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడే. నెలల తరబడి ముట్టడించినా కోట లొంగలేదు. ఢిల్లీలో సుల్తాను చనిపోయాడన్న పుకారుతో దండు చెల్లాచెదురై దేవగిరికి వెనుదిరిగింది. గెలిచామనుకున్న ఓరుగల్లులో ధాన్యపు కొట్లు తెరిచి విందులు చేశారంటారు. కొద్ది నెలలకే ఉలుఘ్ ఖాన్ కొత్త బలగంతో మళ్లీ దిగాడు. అయిదు నెలల ముట్టడి తర్వాత 1323లో కోట లొంగింది. గోడలు నిలిచే ఉన్నాయి, గాదెలు నిలవలేదు. బందీగా ఢిల్లీకి బయల్దేరిన ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడు. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. కోటలోని స్వయంభూ శివుడి గుడి నేలమట్టమైంది, నాలుగు తోరణాలు మిగిలాయి.

ఆ తర్వాత ముసునూరి నాయకులు, బహమనీలు, 1504లో షితాబ్ ఖాన్, ఆపైన కుతుబ్‌షాహీలు. వచ్చినవాళ్లందరూ రాతికోట మీదే మోజుపడ్డారు. తోరణం 2014లో తెలంగాణ రాజముద్రలోకి ఎక్కింది. మట్టికట్టను రోడ్ల కోసం అక్కడక్కడ తెగ్గొట్టారు. తెగని చోట దాని మీద మేకలు మేస్తుంటాయి.