‘నుంచి’, ‘గా’, ‘ఇంతసేపూ’: ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు తెలుగులో ఉన్న దారులు

“ఉత్తరం రాశావా?” అని అడిగితే తెలుగువాళ్లెవరూ “రాసియున్నాను” అనరు. “రాశాను” అంటారు, పని పూర్తిగా వదిలిందని చెప్పాలంటే “రాసేశాను” అంటారు. అయినా మన ఇంగ్లీషు పాఠాల్లో ‘ఐ హావ్ రిటెన్’ పక్కన ‘నేను వ్రాసియున్నాను’ అన్న అనువాదమే చాలాకాలం రాజ్యమేలింది. నేనూ అదే వల్లించాను. ఎవరూ మాట్లాడని తెలుగుతో ఇంగ్లీషును నేర్పడం వల్ల పిల్లలకు సూత్రం అబ్బింది కానీ వాడుక అబ్బలేదు. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు సరిగ్గా సరిపోయే ఒకే రూపం తెలుగులో లేదు. అది చెప్పే భావాలు మాత్రం అన్నీ ఉన్నాయి. అవి వేర్వేరు రూపాల్లో చెదిరి ఉన్నాయి కాబట్టి, ఏది ఎక్కడుందో చూపిస్తూ నేర్పాలన్నదే ఈ వ్యాసం ప్రతిపాదన.

హాన్స్ రైకెన్‌బాక్ 1947లో తన తర్కశాస్త్ర గ్రంథంలో కాలాలను మూడు బిందువులతో వివరించాడు: మాట్లాడే సమయం, పని జరిగిన సమయం, మనం నిలబడి చూసే సమయం. ‘ఐ రోట్’ అన్నప్పుడు చూపు కూడా గతంలోకి వెళ్లి పని పక్కనే నిలబడుతుంది. ‘ఐ హావ్ రిటెన్’లో పని గతానిదే, చూపు మాత్రం ఇప్పటిలోనే ఉంటుంది. అందుకే ‘ఐ హావ్ రిటెన్ ఇట్ యెస్టర్‌డే’ అంటే ఇంగ్లీషువారి చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘నిన్న’ అనే మాట చూపును వెనక్కి లాగుతుంది, ‘హావ్’ ముందుకు లాగుతుంది.

బెర్నార్డ్ కామ్రీ 1976లో వెలువరించిన ‘ఆస్పెక్ట్’లో పర్ఫెక్ట్‌కు నాలుగు ఉపయోగాలు చెప్పాడు: మిగిలిన ఫలితం, జీవితానుభవం, ఇంకా సాగుతున్న స్థితి, తాజా గతం. వీటిని తెలుగులో పెట్టి చూద్దాం. చీకట్లో కూర్చుని “కరెంటు పోయింది” అంటాం. “ఎప్పుడైనా పాపికొండలు చూశావా?” అని అడుగుతాం. “ఇప్పుడే వచ్చాడు” అంటాం. మూడూ మామూలు భూతకాల రూపాలే. మిగిలిన ‘ఇంకా సాగుతున్న స్థితి’ మాత్రం వర్తమానంలోకి దూకుతుంది: “పదేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాం.” మనవాళ్ల ఇంగ్లీషులో తరచూ వినిపించే ‘వియ్ ఆర్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ ఈ వాక్యానికి ముక్కకు ముక్క అనువాదం. ‘ఉంటున్నాం’ వల్ల ‘ఆర్ లివింగ్’ వచ్చింది, ‘నుంచి’ వల్ల ‘సిన్స్’ వచ్చింది. హిందీ ‘సే’ కూడా ‘నుంచి’లాగే మొదలైన బిందువుకూ, గడిచిన వ్యవధికీ పనిచేస్తుంది కాబట్టి ఈ పొరపాటు తెలుగువారికే పరిమితం కాదు.

‘నుంచి’ దగ్గర కాస్త ఆగాలి. “రెండు గంటల నుంచి వాన పడుతోంది” అన్న వాక్యానికి రెండర్థాలు. గడియారం రెండు కొట్టినప్పుడు మొదలైందనీ కావచ్చు, రెండు గంటల సేపుగా కురుస్తోందనీ కావచ్చు. మొదటిదాన్ని విడదీయడానికి తెలుగు “రెండింటి నుంచి” అంటుంది. “ఒంటిగంట నుంచి”, “గంట నుంచి” మధ్య తేడా ఏ పల్లెటూరి పిల్లవాడికైనా తెలుసు. ఇక రెండో అర్థాన్ని విడదీయడానికి ‘గా’ ఉంది: “రెండు గంటలుగా”, “పదేళ్లుగా”, “మూడు రోజులుగా”. ‘గా’ వ్యవధికే అతుకుతుంది, మొదలైన బిందువుకు అతకదు. “2015 నుంచి” అంటాం, “2015గా” అనం. “సోమవారం నుంచి” అంటాం, “సోమవారంగా” అనం. ఇక్కడే తరగతి గదికి పనికొచ్చే కొలబద్ద దొరుకుతుంది: ‘నుంచి’ తీసి ‘గా’ పెట్టినా అర్థం నిలిస్తే ఇంగ్లీషులో ‘ఫర్’, నిలవకపోతే ‘సిన్స్’.

పర్ఫెక్ట్‌లో సింపుల్‌కూ కంటిన్యువస్‌కూ ఉన్న తేడా కూడా తెలుగుకు కొత్త కాదు. “పొద్దుట్నుంచి ఉత్తరాలు రాస్తున్నాను” అంటే సాగిన పని మీద దృష్టి. “పొద్దుట్నుంచి మూడు ఉత్తరాలు రాశాను” అంటే తేలిన లెక్క మీద దృష్టి. లెక్క చేరగానే తెలుగు నోరు ‘రాస్తున్నాను’ను వదిలేస్తుంది. ఇంగ్లీషు కూడా సరిగ్గా అక్కడే ‘హావ్ బీన్ రైటింగ్’ను వదిలి ‘హావ్ రిటెన్ త్రీ లెటర్స్’కు మారుతుంది.

‘నో’ లాంటి క్రియలకు కంటిన్యువస్ పనికిరాదని చెప్పడానికీ తెలుగు చాలు. “ఆయన పదేళ్లుగా తెలుసు” అంటాం. “తెలుస్తున్నాడు” అనం, ఎందుకంటే ‘తెలుస్తోంది’ అంటే అర్థమే వేరు. కాబట్టి ‘ఐ యామ్ నోయింగ్ హిమ్’ అనే తప్పుకు తెలుగును నిందించడం న్యాయం కాదు. అది ‘ఇంగ్’ను మోతాదు మించి సాధన చేయించడం వల్ల వచ్చిందని నా అభిప్రాయం.

మరి ‘రాసి ఉండటం’ తెలుగులో లేదా అంటే, ఉంది. “గోడ మీద రాసి ఉంది”, “తలుపు తీసి ఉంది”. వ్యాకరణకర్త చిన్నయసూరి పరిభాషలో క్త్వార్థకమైన, అంటే ముందు జరిగిన పనిని చెప్పే, ‘రాసి’, ‘తీసి’ మీద ‘ఉంది’ చేరింది. ఇవి చేసినవాణ్ణి కాక, చేయబడిన వస్తువు ఇప్పుడున్న స్థితిని చెబుతాయి. ఇంగ్లీషు పర్ఫెక్ట్ పుట్టుక కూడా ఇలాంటిదే. ‘రాసి ఉన్న ఉత్తరం నా దగ్గర ఉంది’ అనే తరహా ప్రాచీనాంగ్ల వాక్యాల నుంచే ‘హావ్’ సహాయక క్రియగా మారింది. ఇంగ్లీషు ఆ స్థితి నుంచి కర్త చేసిన పని వైపు జరిగిపోయింది. తెలుగు ‘రాసి ఉంది’ స్థితి దగ్గరే నిలిచింది. “చూసి ఉంటాడు” అన్నప్పుడైతే అది ఊహగా కూడా మారింది. ‘వ్రాసియున్నాను’ అనే అనువాదంలో పొరపాటు ఇదే: రూపం సజీవమే, అర్థం వేరు.

ఇక చిక్కైన సందర్భం ఒకటి మిగిలింది. స్నేహితురాలు గదిలోంచి బయటికి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, కానీ ఇప్పుడు ఏడవడం లేదు. ఇంగ్లీషు ‘హావ్ యూ బీన్ క్రయింగ్?’ అంటుంది. ఆగిపోయిన పనికి కూడా, దాని ఆనవాలు కళ్లెదుట ఉంటే, కంటిన్యువస్ వాడుతుంది. తెలుగు “ఏడ్చావా?” అంటుంది. “ఏడుస్తున్నావా?” అంటే ఇప్పుడు కన్నీళ్లు కారుతున్నట్టే. ఇక్కడ రెండు భాషలూ విడిపోయాయని, ఈ వాడుకను తెలుగు ద్వారా నేర్పలేమని నేను చాలాకాలం నమ్మాను.

ఆ నమ్మకాన్ని మార్చింది గుమ్మంలో రోజూ వినిపించే ప్రశ్న. ఆడుకోవడానికి వెళ్లిన పిల్లవాడు చీకటి పడ్డాక ఇల్లు చేరతాడు. ఆట ముగిసింది, మోకాలి మీద మట్టి మాత్రం ఉంది. తల్లి అడుగుతుంది: “ఇంతసేపూ ఏం చేస్తున్నావురా?” ఆగిపోయిన పనికి వర్తమాన రూపమే వాడింది, ‘ఇంతసేపూ’ అనే ఒక్క మాట ఆధారంగా. ఎర్రబడ్డ కళ్లను చూసి “ఇంతసేపూ ఏడుస్తున్నావా?” అనడం కూడా మన ఇళ్లలో ఎవరికీ వింతగా అనిపించదు.