నీకెలా తెలుసు తాతయ్యా?

మా మనవరాలు బెంగుళూరులో పదకొండో తరగతి చదువుతోంది. మన ఇంటర్ కాదు, సి.బి.ఎస్.ఇ. కూడా కాదు. ఐ.బి. అంటారు, ఇంటర్నేషనల్ బాకలారియట్ డిప్లొమా. పోయిన దసరా సెలవులకు సికింద్రాబాద్ వచ్చినప్పుడు, మా సంఘం వాళ్ళం పల్లెల్లో చేసే ప్రదర్శనల గురించి భోజనాల దగ్గర గొప్పగా చెప్తున్నాను. బాబా మంత్రం చదివితే అగ్గి పుట్టింది అంటారు కదా, అది పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిజరిన్ పోసి చేసే పని, మేము వేదిక మీద చేసి చూపిస్తాం, దాంతో బాబా బండారం బయటపడుతుంది అన్నాను.

"ఆ బాబా అలాగే చేశాడని నీకెలా తెలుసు తాతయ్యా?" అంది.

"చేసి చూపించాం కదమ్మా."

"అలా కూడా చేయొచ్చని చూపించారు. ఆయన అలాగే చేశాడని చూపించలేదు కదా!"

పెరుగన్నం కలుపుతూ ఆగిపోయాను. ముప్ఫై ఆరేళ్ళు రక్షణ ఖాతాల శాఖలో పనిచేసినవాడిని. వోచర్ లేని బిల్లును పాస్ చేయకుండా పెద్ద పెద్ద ఆఫీసర్లకే వెనక్కి పంపినవాడిని. పదిహేనేళ్ళుగా వేదికల మీద నేనే వోచర్ లేని బిల్లు పాస్ చేస్తున్నానని పదహారేళ్ళ పిల్ల పట్టుకుంది. ఇది ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే "టి.ఓ.కె. క్లాసులో" అంది. థియరీ ఆఫ్ నాలెడ్జ్. జ్ఞాన సిద్ధాంతం అనుకుందాం. ఆరు సబ్జెక్టులతో పాటు ఇది కూడా తప్పనిసరి అట.

ఆ సెలవులయ్యాక ఐ.బి. చరిత్ర తవ్వడం మొదలుపెట్టాను. ముందుగా నా మీద నేనే ఒక ఆడిట్ అభ్యంతరం రాసుకోవాలి. ఇది ఐక్యరాజ్యసమితి వారి చదువు అని ఇంతకు ముందు మిత్రులకు చెప్పాను. తప్పు. యునెస్కో మొదట్లో కాస్త సాయం చేసిన మాట నిజమే గాని, ఇది స్విస్ చట్టం కింద జెనీవాలో 1968 అక్టోబరు 25న ఏర్పడ్డ ఒక ప్రైవేటు సంస్థ. లాభం కోసం కాదంటారు. కానీ ఫీజు మాత్రం ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

కథ అంతకు చాలా ముందే మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో వెలిశాయి. వాటి ఉద్యోగుల పిల్లల కోసం 1924లో అక్కడ ఇంటర్నేషనల్ స్కూల్ పెట్టారు. దాని ప్రధానోపాధ్యాయురాలు మరీ తెరేజ్ మొరెట్, రెండో యుద్ధం కూడా చూశాక, 1948లో యునెస్కో కోసం ఒక చిన్న పత్రం రాసింది. శాంతి కోసం బోధించే పద్ధతులు అసలున్నాయా అన్నది దాని ప్రశ్న. ఉన్నాయని నినాదం ఇవ్వకుండా ఉన్నాయా అని అడగడం నాకు నచ్చింది.

ఆదర్శం సంగతి అలా ఉంచండి, అక్కడ ఒక ఆఫీసు తలనొప్పి కూడా ఉంది. పిల్లలంతా కలిసి చదువుకుంటారు. చివరి రెండేళ్ళు వచ్చేసరికి ఫ్రెంచివాడు ఫ్రెంచి పరీక్షకు, స్విస్సువాడు స్విస్ పరీక్షకు, ఇంగ్లీషువాడు జి.సి.ఇ.కి, అమెరికావాడు కాలేజీ బోర్డుకు విడిపోవాలి. ఒక్కో గదిలో ముగ్గురో నలుగురో. పంతుళ్ళు చాలరు, డబ్బు చాలదు. ఏ దేశపు విశ్వవిద్యాలయమైనా ఒప్పుకునే ఒకే పరీక్ష ఉంటే ఈ గొడవ తీరుతుంది. బదిలీల ఉద్యోగం చేసిన నాకు ఇది బాగా అర్థమవుతుంది. పూనా, జబల్‌పూర్, మళ్ళీ సికింద్రాబాద్ అని తిరిగినప్పుడల్లా పిల్లల సిలబస్ మారిపోయి మా ఆవిడ పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు.

1962లో ఆ జెనీవా బడిలో సోషల్ చెప్పే రాబర్ట్ లీచ్ చొరవతో ఉపాధ్యాయుల సమావేశం జరిగింది. మొదట తీసుకున్న సబ్జెక్టు ఏమిటో తెలుసా? సమకాలీన చరిత్ర. గణితమైతే ఏ దేశానికైనా ఒకటే, సులువు. వీళ్ళు కష్టమైనదాన్నే ముందు పట్టుకున్నారు. పదిహేడేళ్ళ కిందట ఒకరి మీద ఒకరు బాంబులు వేసుకున్న దేశాల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుని ఆ యుద్ధం గురించే రాయాలి. ఒక ఇండియా పిల్లవాడు, ఒక పాకిస్తాన్ పిల్లవాడు 1947 గురించి ఒకే ప్రశ్నకు జవాబు రాసి, ఇద్దరూ వాదనకూ ఆధారానికీ మార్కులు తెచ్చుకోవాలంటే ఆ ప్రశ్నపత్రం ఎలా ఉండాలో ఒకసారి ఊహించండి. మన రెండు దేశాల పాఠ్యపుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసినవారికి ఆ కష్టం తెలుస్తుంది.

తర్వాత ట్వెంటియత్ సెంచరీ ఫండ్, ఫోర్డ్ ఫౌండేషన్ అనే అమెరికా సంస్థలు డబ్బిచ్చాయి. ఆక్స్‌ఫర్డ్ నుంచి అలెక్ పీటర్సన్ అనే ఆయన వచ్చి పని నడిపించాడు. ఈయన గురించి చదువుతూ నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. రెండో యుద్ధంలో ఈయన మౌంట్‌బాటన్ సైన్యాధిపత్యం కింద, ఆగ్నేయాసియా కమాండ్‌లో, మానసిక యుద్ధ విభాగానికి ఉప సంచాలకుడు. అంటే శత్రు సైనికుల మనసుల్లో మనకు కావలసిన నమ్మకాలు నాటే పని. యాభైల్లో మలయాలో బ్రిటిషు ప్రభుత్వ సమాచార శాఖ కూడా చూశాడు. మనుషుల చేత దేన్నయినా ఎలా నమ్మించవచ్చో ఉద్యోగరీత్యా తెలిసినవాడు, తర్వాత పిల్లలకు "నువ్వు నమ్మేది నీకెలా తెలుసు" అని అడగడం నేర్పే చదువుకు సారథి అయ్యాడు. ఒకదానివల్లే రెండోది వచ్చిందని నేను అనను, అందుకు నా దగ్గర ఆధారం లేదు. (చూశారా, మనవరాలి దెబ్బ!)

టి.ఓ.కె. అనేది ఒక రకంగా రాజీ. ఫ్రెంచి పద్ధతిలో చివరి ఏడాది తత్వశాస్త్రం తప్పనిసరి. ఇంగ్లీషు పద్ధతిలో మూడు సబ్జెక్టులు లోతుగా చదివి మిగతావి వదిలేయడమే. ఈ రెంటి మధ్య, తత్వవేత్తల పేర్లు బట్టీ పట్టించకుండా, చదివే సబ్జెక్టుల్లోనే ఏది రుజువు, ఏది అభిప్రాయం అని ఆలోచింపజేయాలన్నారు. ఆరు సబ్జెక్టుల్లో మూడు పై స్థాయిలో, ఒక్కోటి 240 గంటలు. మూడు సాధారణ స్థాయిలో, 150 గంటల చొప్పున. ఒక్కోదానికి 7 మార్కులు. టి.ఓ.కె.కూ, 4,000 పదాల పరిశోధనా వ్యాసానికీ కలిపి 3. మొత్తం 45. ఇవి కాక ఆటలు, కళ, సేవ కూడా చేసి తీరాలి. వాటికి మార్కుల్లేవు. కానీ చేయకపోతే డిప్లొమా లేదు.

మొదటి అసలు పరీక్షలు 1970లో జరిగాయి. మరుసటి ఏడాది వేల్స్‌లోని అట్లాంటిక్ కాలేజీ తమ దేశపు పరీక్షలు పక్కనబెట్టి పూర్తిగా దీనికి మారింది. దాతల సొమ్ము తగ్గాక సంస్థ దాదాపు మూతపడే స్థితికి వచ్చింది. 1976లో హేగ్‌లో ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుని మాట్లాడుకున్నాక కొన్ని దేశాలు చందా ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. బడులు కట్టే ఫీజే ఆధారమైంది. గ్రాంటు మీద పుట్టిన ప్రతి సంస్థకూ వచ్చే గండమే ఇది, ఆశ్చర్యమేమీ లేదు.

అదే 1976లో ఐ.బి. మన దేశానికి వచ్చింది, కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూలుకు. 1901లో అమెరికా మిషనరీలు తమ పిల్లల కోసం పెట్టుకున్న బడి అది. సరిగ్గా ఆ సంవత్సరమే, ఎమర్జెన్సీ చీకట్లో, 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 51ఎ చేరింది. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అన్న మాట అందులోదే. మనం ప్రతి సభలోనూ చెప్పుకునే అధికరణం. పౌరులందరికీ విధి అని రాసుకున్న పనిని, ఒక కొండ మీద కొద్దిమంది పిల్లలకు టైంటేబుల్లో పెట్టి నేర్పారు. మిగతా వాళ్ళం అప్పుడేం చేస్తున్నాం? నేను హైస్కూల్లో నోట్సు బట్టీ పడుతున్నాను. తర్వాత బి.కాం.లో కూడా అదే పని. డెబిట్ ఎందుకు ఎడమ వైపే రాయాలని అడిగితే మా లెక్చరర్ బయటికి పంపాడు.

ఇంతవరకూ మెచ్చుకున్నాను. ఇక అభ్యంతరాలు.

మొదట్లో టి.ఓ.కె.లో తెలుసుకునే మార్గాలు నాలుగే: ఇంద్రియానుభవం, తర్కం, భాష, భావావేశం. 2013లో సిలబస్ మార్చినప్పుడు ఊహ, జ్ఞాపకం, అంతర్బుద్ధితో పాటు విశ్వాసాన్ని కూడా చేర్చి ఎనిమిది చేశారు. మత జ్ఞాన వ్యవస్థలు అని ఒక జ్ఞాన రంగాన్నీ పెట్టారు. విశ్వాసం వల్ల ఏదైనా నమ్మవచ్చు, ఒప్పుకుంటాను. తెలుసుకోవడం ఎలా? ఇద్దరి విశ్వాసాలు ఎదురుబొదురైతే ఏది సరైనదో తేల్చే సాధనం విశ్వాసం లోపల లేదు. తర్కంలో తప్పొస్తే తర్కంతోనే దిద్దుకోవచ్చు. ఖాతాల భాషలో చెప్పాలంటే, టాలీ చేసుకునే వీలులేని పద్దు అది. పిల్లలు దాన్ని విమర్శించడానికే పెట్టామని వాళ్ళు చెప్పుకోవచ్చు, కొందరు మంచి ఉపాధ్యాయులు అలాగే వాడి ఉంటారు. కానీ తర్కం పక్కన సమాన హోదాలో కుర్చీ వేయడం వేరు. 2022 పరీక్షల నుంచి అమలైన కొత్త సిలబస్‌లో ఆ ఎనిమిది మార్గాల పట్టికే తీసేశారు. మతం ఇప్పుడు పాఠశాల ఎంచుకునే ఐచ్ఛిక అంశాల్లో ఒకటి. నాకు సంతోషమే.

రెండోది 2020. కరోనా వల్ల మే పరీక్షలు రద్దయ్యాయి. బడిలో చేసిన పనికి వేసిన మార్కులు, ఉపాధ్యాయుల అంచనా, ఆ బడి పాత ఫలితాలు కలిపి ఒక గణిత సూత్రంతో లక్షా డెబ్బై వేలకు పైగా పిల్లలకు గ్రేడ్లు వేశారు. జులైలో ఫలితాలొచ్చాక ప్రపంచమంతా గగ్గోలు. తనకంటే ముందు చదివినవాళ్ళ మార్కులు ఈ పిల్లవాడి ఖాతాలో ఎందుకు రావాలి? నీకెలా తెలుసు అని అడగమని రెండేళ్ళు నేర్పినవాళ్ళు, ఈ గ్రేడు ఎలా వచ్చిందో మాకెలా తెలుస్తుంది అని పిల్లలడిగితే తడబడ్డారు. ఆగస్టులో చాలా గ్రేడ్లు సవరించారు. ఆ పిల్లలు పాఠం బాగానే నేర్చుకున్నారన్నమాట.

మూడోది, అసలైనది, ఫీజు. మా మనవరాలి ఒక ఏడాది ఫీజు నా ఏడాది పెన్షన్‌ను దాటిపోతుంది. అల్లుడు కడుతున్నాడు, నేను నోరెత్తను. 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లోకి ఐ.బి.ని తెస్తామని ఒప్పందం చేసుకుంది. జూన్‌లో ప్రభుత్వం మారింది, అది అంతటితో ఆగింది. ఆ ఒప్పందం మంచిదో కాదో రెండు పార్టీలవాళ్ళూ తిట్టుకున్నారు. కానీ ఆ కోర్సులో ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేని పీరియడ్ ఒకటుంది. సుద్దముక్క కూడా అక్కర్లేదు. దాన్ని మన ప్రభుత్వ బడిలో వారానికి ఒక గంట పెట్టడానికి జెనీవా అనుమతి ఎందుకో, ఎవరూ మాట్లాడలేదు.

మనవరాలికి జవాబు రెండు రోజులకు గాని దొరకలేదు. బాబా అలా చేశాడని మేము రుజువు చేయలేదు, ఒప్పుకుంటున్నాను. మామూలు రసాయనంతో అయ్యే పనికి మహిమ కారణమని చెప్పేవాడే రుజువు తేవాలి, ఆ భారం మాది కాదు, అని ఫోన్ చేసి చెప్పాను. "ఇది బాగుంది. మరి వేదిక మీద ఇలాగే చెప్తున్నావా?" అంది. లేదు. మర్నాడు మా కార్యదర్శికి చెప్పి మాట మార్పించాను. ఇప్పుడు "ఇదీ బాబా చేసిన మోసం" అనకుండా "ఇలా కూడా అగ్గి పుడుతుంది, ఆయన్ని మన ముందు, మన గ్లాసుతో చేయమనండి" అంటున్నాం. చప్పట్లు కొంచెం తగ్గాయి.

పోయిన నెల తన 1,600 పదాల టి.ఓ.కె. వ్యాసం చిత్తుప్రతి చూడమని పంపింది. పాత అలవాటు కొద్దీ మూడు అభ్యంతరాలు రాసి తిప్పి పంపాను. రెండింటికి ఒప్పుకుని దిద్దింది. మూడోదానికి పేజీన్నర జవాబు వచ్చింది. అది ఇంకా నా బల్ల మీద పెండింగులోనే ఉంది.