గూడ్సు బండ్లు పట్టాలు తప్పుట : కారణ విచార చరిత్ర

గూడ్సు బండి పట్టాలు తప్పుట యనగా, సరకులబండి చక్రములలో ఒకటి గాని అంతకు మించి గాని పట్టాను విడిచి నేలకు దిగుట. చక్రమునకు లోపలివైపున నుండు అంచు పట్టా ప్రక్కను ఒరసికొనుచు బండిని దారిలో నిలుపును. ఆ యంచు పట్టాపైకెక్కినను, పట్టా విరిగినను, పట్టాల నడిమి యెడము పెరిగినను, ఇరుసు తెగినను బండి దిగిపోవును. సరకులబండికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. నేడు సుమారు 22 టన్నుల బరువుతో ఖాళీగా పరుగెత్తిన వ్యాగనే రేపు 58 టన్నుల బొగ్గును మోయవలసివచ్చును. ఈ రెండవస్థలకును సమముగా నప్పు స్ప్రింగులను కూర్చుట సులభసాధ్యము కాదు.

ఇంగ్లండు బొగ్గుగనుల చెంత గుఱ్ఱములు లాగిన కొయ్యపట్టాల బండ్లతో ఆరంభమైన ఈ రవాణా, 1789లో విలియం జెస్సప్ అంచుగల చక్రములను ఇనుపపట్టాలపై నడపుటతో నేటి రూపమునకు చేరువయ్యెను.

కారణవిచారము శాస్త్రమర్యాదను పొందినది ఇరుసుల వలన. 1842 మే 8వ తేదీని పారిస్-వెర్సాయి మార్గమున ఇంజను ఇరుసు విరిగి ఘోరప్రమాదము సంభవించెను. అది ప్రయాణికుల బండియే యైనను, లోహము అలసి విరుగుటను గూర్చిన చర్చకు అదియే ప్రేరకమైనది. మరుసటి యేడు రాంకిన్ అను పండితుడు, ఇరుసు మందము హఠాత్తుగా మారుచోట బీట పుట్టి క్రమముగా లోనికి ప్రాకునని నిరూపించెను. జర్మనీలో ఆగస్ట్ వోలర్ 1870 వఱకును ప్రశంసనీయమైన ఓర్పుతో ఇరుసులను త్రిప్పి త్రిప్పి పరీక్షించి, ఒక్కమాఱు మోసినచో హాని చేయని భారమే లక్షలమాఱులు మోయించినచో ఇరుసును విఱుచునని తేల్చెను.

చక్రగతిని గూర్చిన విచారము పిమ్మట వచ్చినది. చక్రపు తలము ఒకవైపునకు కొంచెము వాలుగా నుండుటచే, జతచక్రములు తిన్నని పట్టాపై సైతము పామువలె అటునిటు మెలికలు తిరుగుచు పోవునని 1883లో క్లింగెల్ గణితముతో చూపెను. ఫ్రెంచి ఇంజనీరు నాదాల్ 1908 నాటికి, చక్రమును ప్రక్కకు నెట్టు బలము దానిపైనున్న భారముతో పోల్చగా ఒక హద్దును మించినచో అంచు పట్టాపైకెక్కునని సూత్రీకరించెను. కావున అధికభారమే బండిని దింపునను లోకప్రతీతి సగమే నిజము. భారము తగ్గిన చక్రమును గూర్చియు విచారణకర్తలు అంతగానే భయపడుదురు.

ఈ సత్యము 1963 నవంబరు 9వ తేదీ రాత్రి జపానులో దారుణముగా రుజువయ్యెను. యోకొహామా సమీపమున త్సురుమి వద్ద, నలువది పైచిలుకు వ్యాగనులతో పోవుచున్న గూడ్సు బండి తోకభాగమున నొక రెండిరుసుల వ్యాగను పట్టా తప్పెను. ప్రక్కమార్గములపై వచ్చిన రెండు ప్రయాణికుల బండ్లు ఆ విపత్తులో చిక్కి 161 మంది మృతి చెందిరి. విచారణలో వ్యాగను నిర్మాణము, బరువు పేర్పు, వేగము, మార్గస్థితి యను వానిలో ఏ యొక్కటియు స్వయముగా దోషియని తేలలేదు; అన్నియు కలిసి వచ్చినందున కలిగిన పతనమని నిర్ణయించిరి. జపాను రైల్వేవారు అంతటితో ఊరకుండక, 1966లో మూతపడిన హొక్కయిడో ద్వీపపు కరికాచి పాతమార్గమును ప్రయోగశాలగా మార్చి, నిజమైన వ్యాగనులను బుద్ధిపూర్వకముగా పట్టాలు తప్పించి పరీక్షించిరి. దాని ఫలితముగా చక్రపుటంచు ఆకృతిని మార్చిరి. వంపులయందు పట్టాలకు నూనె పూయు ఏర్పాట్లును చేసిరి. మృతులయెడల ఋణము తీర్చుకొనుట కింతకంటె తగిన మార్గము కానరాదు.

1967 జులై 31వ తేదీని ఇంగ్లండులో థర్స్క్ సమీపమున సిమెంటు వ్యాగను అట్లే దిగి, ప్రక్కమార్గమున అదే దిశలో వచ్చిన ప్రయాణికుల బండి దానికి తగిలి ఏడుగురు మరణించిరి. అచటను వ్యాగను స్ప్రింగు అమరికలోని అరుగుదల, మార్గమునందలి స్వల్పపు లోపములు, వేగము కలిసి కారణములైనవి. డెర్బీ పరిశోధనశాలలో అలెన్ వికెన్స్ మొదలగువారు ఈ పాముగతిని అణచుమార్గములను అదే దశాబ్దమున సాధించిరి.

అమెరికా ఖండమునందలి రెండు ప్రమాదములలో బేరింగులు ముఖ్యదోషులైనవి. 1979 నవంబరు 10వ తేదీని కెనడాలోని మిస్సిసాగలో వేడెక్కిన బేరింగు వలన ఇరుసు తెగి బండి పట్టాలు తప్పగా, అందలి క్లోరిను భయముచే రెండు లక్షలకు పైబడిన జనులను ఖాళీ చేయించిరి, ఒక్కరును చనిపోలేదు. 2023 ఫిబ్రవరి 3వ తేదీని ఒహాయోలోని ఈస్ట్ పాలస్తీనలో 38 వ్యాగనులు దిగినప్పుడు, మార్గము ప్రక్కనున్న పరికరములు ఒక బేరింగు చుట్టుగాలికంటె మొదట 38, పిదప 103, తుదకు 253 ఫారన్‌హీటు డిగ్రీలు హెచ్చుగా కాగినదని నమోదు చేసినవి. కడపటి రెండు పరికరముల నడుమ దూరము సుమారు 20 మైళ్లు.

మన దేశమున రైల్వే తనిఖీ అధికారులను 1941లో రైల్వే బోర్డు అధీనమునుండి తొలగించుట మేలైన సంస్కరణము. అయినను ఆ స్వతంత్ర విచారణ ముఖ్యముగా ప్రయాణికుల ప్రమాదములకే చెందును. గూడ్సు బండి సంగతి చాలవఱకు శాఖాధికారుల విచారణతోనే ముగియును. వారు మొదట వెదకునది పట్టా తలపై చక్రపుటంచు గీచిన గీత. గీత పొడవుగా నున్నచో అంచు మెల్లగా ఎక్కినదనియు, గీత లేనిచో బండి హఠాత్తుగా ఎగిరి పడినదనియు గ్రహింతురు. నాలుగు చక్రముల పాతవ్యాగనులకు బదులు బోగీ వ్యాగనులు, వాక్యూమ్ బ్రేకులకు బదులు గాలిబ్రేకులు వచ్చుటతో వ్యాగనుల దోషములు తగ్గినవి. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖపట్టణమునకు చేర్చు కొత్తవలస-కిరండూల్ మార్గమున నిండుబండ్లు కనుమ దిగునపుడు, బ్రేకుల బలమును వంపులలో పట్టాల అరుగుదలయు ప్రత్యేకముగా గమనింపదగినవి. వేసవి మధ్యాహ్నములందు అతుకులు లేని పొడవుపట్టాలు వ్యాకోచించి ప్రక్కకు వంగును; శీతకాలపు వేకువలయందు అవియే బిగిసి, లోన బీట యున్నచోట తెగును. అందుచే మార్గమును కనిపెట్టు కీమాన్ అను ఉద్యోగి సుత్తియు స్పానరును చేపట్టి, తనకు ఒప్పగించిన మార్గమంతయు దినదినము కాలినడకను చూచుచుండును.